గడప కింద తాళంచెవి

ఆదివారం పొద్దున్నే మేనల్లుడి ఫోన్. ఉబుంటు మీద మైఎస్‌క్యూఎల్ ఎక్కించాడట. "మావయ్యా, రూట్ పాస్‌వర్డ్ పెట్టమని ఎక్కడా అడగలేదే!" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది, వాడి మీద కాదు, ఇన్‌స్టాలర్ మీద. ఒకప్పుడైతే నీలం తెర వచ్చి, పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టించుకునేది. తాళాల మీద నా చాదస్తం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తేం కాదు. గ్యాస్ సిలిండర్‌కు గొలుసు కట్టిన సంగతి ఇక్కడే రాసుకున్నాను.

ఆ చాదస్తం అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్న రోజుల్లో పట్టుకుంది. కంప్యూటర్‌కు ముగ్గురం. మొదటిరోజే సార్ బోర్డు మీద రాసిన రెండు మాటలు: స్కాట్, టైగర్. స్కాట్ యూజర్, టైగర్ పాస్‌వర్డ్. ఎంప్, డెప్ట్ టేబుళ్లు ఆ ఖాతాలోనే. స్కాట్ అంటే ఒరాకిల్ తొలినాటి ఉద్యోగి బ్రూస్ స్కాట్ అనీ, టైగర్ ఆ ఇంటి పిల్లి అనీ చాన్నాళ్లకు తెలిసింది. అది సరదా. సరదా కానిది అడ్మిన్ ఖాతా. సిస్టమ్‌కు పాస్‌వర్డ్ 'మేనేజర్', సిస్‌కు 'చేంజ్ ఆన్ ఇన్‌స్టాల్'. నన్ను మార్చండి బాబూ అని పాస్‌వర్డే మొత్తుకుంటున్నా వినేదెవరు? నా మొదటి ఉద్యోగంలో సర్వర్ పెట్టిన ఏడాదికి కూడా అదే కొట్టి లోపలికి వెళ్లాను. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'ఎస్ఏ' ఖాతాను చాలామంది పాస్‌వర్డ్ లేకుండానే వదిలేశారు. 2002 మేలో ఒక వార్మ్ ఆ సందులోంచే దూరింది.

అందుకే "ఆల్టర్ యూజర్ కొట్టి ముందు పాస్‌వర్డ్ పెట్టరా" అన్నాను. వాడు మామూలు యూజర్‌గా ప్రయత్నించాడు: యాక్సెస్ డినైడ్. 'సుడో మైఎస్‌క్యూఎల్' అన్నాడు: తెరుచుకుంది. ఇది ఆథ్ సాకెట్ పద్ధతి. గుర్తుమాట అడగదు, వచ్చినవాడెవడో ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడుగుతుంది. ఆ మెషీన్‌లో రూట్ అయితేనే లోపలికి రానిస్తుంది.

"అయినా సరే, పెట్టెయ్" అనబోయి ఆగాను. నా సర్వర్‌కు పదహారక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకున్నాను కదా. రాత్రి బ్యాకప్ నడవాలని దాన్ని స్క్రిప్టులోనే రాశాను. ఆ ఫైలును అందరూ చదవచ్చని మొన్న మంగళవారమే కనిపెట్టాను. తాళం వేసి, చెవిని గడప కింద పెట్టి పోయినట్టు.

"వద్దులేరా, రూట్‌ను అలాగే ఉంచు. నీ అప్లికేషన్‌కు వేరే యూజర్‌ని చేసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, దాని డేటాబేస్ వరకే హక్కులివ్వు" అన్నాను.

రెడ్‌హ్యాట్ తరహా లినక్స్‌లో ఒరాకిల్ ఇచ్చే ప్యాకేజీ ఎక్కించేవాళ్లకు రూట్‌ను అలాగే ఉంచమన్న సలహా పనికిరాదు. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి అక్కడ రూట్ తాత్కాలిక పాస్‌వర్డ్ మైఎస్‌క్యూఎల్‌డీ లాగ్ ఫైలులో ఉంటుంది. దాన్ని మార్చేదాకా సర్వర్ మిమ్మల్ని ఇంకో పని చేయనివ్వదు.