గోలకొండ కవుల సంచికయు లెక్కకు రాని చిత్రకారులును

తన సీమలో పుట్టిన గ్రంథములను ఎఱుగకుండుట చదువరికి అవమానము కాదు. ఎఱుగనిదానిని లేదని చెప్పుట మాత్రము విమర్శకునకు దోషము. ఈ దోషము మన సాహిత్యచరిత్రయందు పలుమాఱులు సంభవించినది. మానవల్లి రామకృష్ణకవిగారు 1909వ సంవత్సరమున కుమారసంభవమును ప్రకటించువఱకును నన్నెచోడుడు మన చదువరులకు లేనివాడే. గ్రంథము తాళపత్రములలో నున్నంతకాలము కవి లేడని మనము తలచితిమి. నిజమునకు మన పట్టికలో లేకుండెను, అంతియే.

ఒక కవికి జరిగినది ఒక సీమకెల్ల జరుగవచ్చునా? జరుగవచ్చుననుటకు నిజాము రాష్ట్రమే సాక్షి. అచ్చట తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాయగా, గోలకొండ పత్రికాసంపాదకులైన సురవరము ప్రతాపరెడ్డిగారు ప్రతివాదముతో తృప్తిచెందక, కవుల వివరములను పద్యములను సేకరింప బూనిరి. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక దానికి ఫలము. అందు 354 మంది కవులు కలరు. పూజ్యమను మాటకు సున్న యనియు, పూజింపదగినది యనియు రెండర్థములు కలవు. మొదటి యర్థమున నాడినమాట రెండవ యర్థమున సత్యమైనది.

సంచికయొక్క ప్రధానగుణము దాని పద్యములందుకంటె దాని పద్ధతియందు కలదు. ఆ రాష్ట్రమున రాజభాష ఉర్దూ. ఉన్నతవిద్యయు ఆ భాషలోనే సాగెను. తెలుగు అచ్చుకూటములు మిక్కిలి తక్కువ. అట్టిచోట అచ్చుపుస్తకములను లెక్కించి కవులను లెక్కించితిమనుకొనుట, నీరు తోడని బావి యెండిపోయినదనుట వంటిది. గద్వాల, వనపర్తి, కొల్లాపురము మొదలగు సంస్థానములలో పండితగోష్ఠులు జరుగుచుండెను. పల్లెలలో వ్రాతప్రతులు పెట్టెలలో నుండెను. ప్రతాపరెడ్డిగారు గ్రంథాలయముల బీరువాలను తెఱచుటతో నాగక ఊళ్ల తలుపులు తట్టిరి.

సంచికలోని పద్యములన్నియు నుత్తమములని నేను చెప్పను. 354 మంది పద్యములు ఒక్క తూకమున నుండుట ఏ సంకలనమునందును లేదు. కాని సంపాదకులు తూచుటకు ముందు లెక్కపెట్టిరి. ఇదియే సరియైన క్రమము. ఉన్నదేదో తెలియకమునుపే తాసును చేతబట్టిన విమర్శకుడు, తూచుటకు దొరకనిదానిని తేలికయని తలచును.

ఈ యెఱుక పండితుల వాదములకు మాత్రమే పనికివచ్చునది కాదు. పొన్నికంటి తెలగన్న తొలి యచ్చతెనుగు కావ్యమైన యయాతిచరిత్రమును పటాన్‌చెరువు నేలిన అమీన్‌ఖానునకు అంకితము చేసెను. ఆ యూరి బడిలో చదువు బాలునకు ఈ సంగతి చెప్పిచూడుడు: కావ్యములన్నియు దూరదేశములందే పుట్టుననుకొనిన ఆ బాలుడు తన యూరిని వేఱుకన్నుతో చూచును. చెప్పనిచో, తన నేలపై వ్రాయదగినదేదియు లేదని నమ్మియే పెరుగును.

ఇంత మేలుచేసిన సంచికకు ఒక హద్దు కలదు. దాని వాకిట ప్రవేశము పద్యము వ్రాసినవారికే. అదే సీమలో మఱియొక విధమైన గ్రంథము కలదు. నేడు సిద్ధిపేట జిల్లాలోనున్న చేర్యాలయందు నకాషీలు చింతగింజల అంబలియు సుద్దమట్టియు పూసిన బట్టపై నిలువుపటములు వ్రాయుదురు. ఎఱ్ఱని నేపథ్యము, అడ్డముగా వరుసలు, వరుసకొక ఘట్టము. పద్మశాలీలకు మార్కండేయపురాణమును చెప్పు కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పు కాకిపడగలవారు ఇట్టి పటములను వ్రాయించుకొని, ఊరూర విప్పి, ఒక్కొక్క ఘట్టమును చూపుచు కథ చెప్పుదురు.

ఇది గ్రంథము కాదా? అందు అధ్యాయవిభాగము కలదు, పాత్రలు కలవు, కథాక్రమము కలదు. తాటాకునకు బదులు బట్ట, గంటమునకు బదులు కుంచె. ఈ గ్రంథమునకు ఇరువురు కర్తలు: చెప్పినవాడొకడు, వ్రాసినవాడొకడు. మన కవుల పట్టికలలో ఈ ఇరువురికిని చోటు లేదు. ఇది ప్రతాపరెడ్డిగారి లోపమనుట అన్యాయము. కవులు లేరన్నవారికి వారు కవులను చూపిరి. ఆ సంచికతో వెదకుట ముగిసినదని తలచిన మనదే లోపము.

చిత్రము సాహిత్యము కాదుగదా యని కొందఱు పండితులు శంకింపవచ్చును. ఈ శంకకు తీరసీమయందే సమాధానము కలదు. అడివి బాపిరాజుగారు నవలాకారులు, కవులు, చిత్రకారులు. హైదరాబాదున మీజాన్ పత్రికను నడపినవారు. సాహిత్యచరిత్రకారుడు వారి కుంచెను, చిత్రకళాచరిత్రకారుడు వారి కలమును పక్కనబెట్టినచో మనకు మిగులునది సగము మనిషి. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగును బాపుగారి గీతలు లేక తలచుకొనగల చదువరి యెవడు? శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్యగారి వ.పా. యను సంతకమును చందమామ అట్టపై చూచి గుర్తించిన బాలురు లెక్కకు మించి కలరు. అయినను పెక్కు గ్రంథసూచికలలో కర్తపేరునకు గడి కలదు, ప్రకాశకుని పేరునకు గడి కలదు, చిత్రకారునకు లేదు. గడి లేనివానిని తరువాతి పరిశోధకుడు ఎక్కడ వెదకును?

కావున ప్రతాపరెడ్డిగారి పద్ధతిని వారి హద్దును దాటించి నడపవలెను. పాఠశాలలలోని పండితులు ఇందుకు తగినవారు. ప్రతి యూరిలోను వారికి శిష్యులు కలరు. ఇంట నున్న ప్రాతపుస్తకమును, పటమును, పత్రికను చూచిరమ్మని వారిని పంపుడు. ఎవరు వ్రాసిరి, ఎవరు చిత్రించిరి, ఎవరు చదివి వినిపించిరి, ఏ యూర నని నాలుగు ప్రశ్నలు వ్రాసియిండు. వచ్చిన జవాబులలో నేది గొప్పదో తరువాత తేల్చుకొనవచ్చును.

తొందర యేలయనగా, చేర్యాల పటములు నేడు చాలవఱకు గోడల కలంకారములైన చిన్న చిత్రములైనవి. విప్పి కథ చెప్పువారు తగ్గిపోయిరి. బొమ్మ నిలిచి కథ పోయినచో, మిగిలిన గ్రంథమును చదువగలవారుండరు. కవులు లేరను మాటకు 1934లో 354 పేర్లు జవాబైనవి. చిత్రకారుల పేర్లను మన మింకను అడుగనేలేదు.