కర్త లేని వాక్యాలు

యుద్ధనేరాల విచారణల గురించి చెప్పేటప్పుడు మనం తీర్పుతో మొదలుపెట్టి తీర్పుతోనే ముగిస్తాం. 1946 అక్టోబరు 1న న్యూరెంబర్గ్‌లో 12 మందికి మరణశిక్ష, 7గురికి జైలు, 3గురికి విడుదల. ఈ లెక్క అప్పజెప్పిన విద్యార్థికి ఆ నేరం ఎలా సాగిందో తెలియదు. తెలియాలంటే మూలపత్రాలే చదివించాలి.

అమెరికన్ ప్రాసిక్యూటర్ జాక్సన్ తన వాదాన్ని ప్రధానంగా నాజీలు స్వయంగా రాసుకున్న కాగితాల మీదే నిలబెట్టాడు. ఆ కాగితాలను చరిత్ర ఉపాధ్యాయుడికి వదిలేసి ఊరుకోవడం సరికాదని నా అభిప్రాయం. 1942 జనవరి 20న వాన్‌సీలో 15 మంది అధికారులు జరిపిన సమావేశపు నివేదిక చూడండి. 1947లో బయటపడి, న్యూరెంబర్గ్‌లోనే తర్వాత జరిగిన విచారణలో సాక్ష్యమైంది. కోటీ పది లక్షల మంది యూదులను దేశాలవారీగా లెక్కగట్టిన ఆ నివేదికలో 'చంపడం' అన్న మాట లేదు. 'తూర్పుకు తరలింపు' ఉంది. పదో తరగతిలో కర్మణి వాక్యం చెప్పేటప్పుడు అందులోని కొన్ని వాక్యాలు తెలుగు చేసి ఇస్తాను. 'తరలించబడతారు' సరే, తరలించేదెవరు? ఎక్కడికి? 'బడు' చాటున దాక్కున్న కర్తను బయటికి లాగడమే విమర్శకు ఓనమాలు.

ఆ నివేదిక పక్కనే 1946 ఫిబ్రవరి 27న యిడ్డిష్ కవి సుట్స్‌కేవర్ ఇచ్చిన వాంగ్మూలం పెట్టాలి. విల్నా ఘెటోలో పుట్టిన తన పసిబిడ్డను చంపిన సంగతి అతను కోర్టులో చెప్పాడు. నివేదికలో అంకెగా మారిన మనిషి ఇక్కడ బిడ్డగా కనిపిస్తాడు. అయితే ఆ తండ్రి మాట్లాడింది కూడా తన కవిత్వభాషలో కాదు, రష్యన్‌లో. సాక్ష్యం ఏ భాషలో నమోదైందన్నది కూడా పాఠంలో భాగమే.

మూలపత్రం కాబట్టి కళ్ళు మూసుకుని నమ్మమని నేననడం లేదు. 11,000 మంది పోలిష్ అధికారులను కాటిన్ అడవిలో జర్మన్లే చంపారని సోవియట్ పక్షం అభియోగపత్రంలో రాయించింది. తీర్పు ఆ ఊసే ఎత్తలేదు. ఆ హత్యలు తన రహస్య పోలీసులు చేసినవేనని మాస్కో 1990లో ఒప్పుకుంది. అభియోగపత్రాన్నీ తీర్పునూ పక్కపక్కన పెట్టి విద్యార్థుల చేత ఈ మౌనాన్ని చదివించాలి. ఫాసిజాన్ని ఓడించడంలో సోవియట్ ప్రజలు చేసిన త్యాగం దీనివల్ల తగ్గదు. కాని అభ్యుదయ రచయితలమైన మనం ఈ పుటను దాటేస్తే, నాజీ కాగితంలో కర్తను వెతకమని పిల్లలకు చెప్పే నైతిక హక్కు మనకుండదు.