నానో ద్రవాలు: ఆశలూ, కొలతలూ

మోటారు ఇంజనులో పుట్టిన ఉష్ణాన్ని రేడియేటరుకు చేరవేసేది ద్రవమే. అయితే నీరు గాని, ఇథిలీన్ గ్లైకాల్ గాని మంచి ఉష్ణవాహకాలు కావు. రాగి ఉష్ణవాహకత నీటికంటె సుమారు 650 రెట్లు హెచ్చు. అట్టి లోహాన్ని అతిసూక్ష్మమైన కణాలుగా చేసి ద్రవంలో కలిపితే ఉష్ణప్రసారం మెరుగుపడదా? ఈ ఆలోచనతోనే అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన స్టీఫెన్ చోయ్ 1995లో ఇట్టి మిశ్రమాలకు 'నానో ద్రవాలు' అని పేరు పెట్టారు.

ఆ ప్రయోగశాలవారు 2001లో ప్రకటించిన ఫలితం సంచలనం కలిగించింది. ఘనపరిమాణంలో 0.3 శాతం మాత్రమే రాగి కణాలు కలిపిన ఇథిలీన్ గ్లైకాల్ ఉష్ణవాహకత 40 శాతం వరకు పెరిగిందని వారు తెలిపారు. 19వ శతాబ్దంలో మాక్స్‌వెల్ ఇచ్చిన సూత్రం ప్రకారం, మిక్కిలి వాహకతగల గుండ్రని కణాలు కొద్దిగా కలిసినప్పుడు కలిగే పెరుగుదల వాటి ఘనపరిమాణ భాగానికి సుమారు 3 రెట్లు. అనగా ఇక్కడ 0.9 శాతం. 0.9 ఎక్కడ, 40 ఎక్కడ! ఈ తేడాకు కణాల చలనం కారణమని కొందరు, కణాల చుట్టూ ఏర్పడే ద్రవపు పొర కారణమని కొందరు ఊహించారు. కారణాలు వెదకుటలో చూపిన శ్రద్ధ కొలతలను సరిచూచుటలో చూపలేదు.

ఆ కొరత 2009లో కొంత తీరింది. వివిధ దేశాలలోని 30కి పైగా సంస్థలు ఒకే నమూనాలను పంచుకొని, వేర్వేరు పద్ధతులతో కొలిచాయి. ఆ నమూనాలలో అసాధారణమైన పెరుగుదల ఏదీ కనబడలేదు. ఫలితాలు మాక్స్‌వెల్ సిద్ధాంతంతో చక్కగా సరిపోయాయి. వాటిలో రాగి ద్రవం లేదు గనుక 2001 నాటి ఫలితం దీనితో నేరుగా కొట్టుపోయిందనుట న్యాయం కాదు. కాని అట్టి అద్భుతం నానో ద్రవాలన్నిటి సహజగుణమన్న నమ్మకం మాత్రం నిలువలేదు.

మరొక లోపం పోల్చే పద్ధతిలో ఉన్నది. అనేక వ్యాసాలలో మామూలు ద్రవాన్నీ, నానో ద్రవాన్నీ ఒకే రెనాల్డ్స్ సంఖ్య వద్ద పోల్చారు. వేగం, గొట్టపు వ్యాసం, సాంద్రతల లబ్ధాన్ని స్నిగ్ధతచే భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. కణాలు కలిపితే సాధారణంగా సాంద్రతకంటె స్నిగ్ధత ఎక్కువ పాళ్ళలో పెరుగుతుంది. అప్పుడు అదే సంఖ్య రావాలంటే ద్రవాన్ని మరింత వేగంగా నడపాలి. వేగం హెచ్చితే, ముఖ్యంగా అలజడి ప్రవాహంలో, ఉష్ణప్రసారం హెచ్చుట సహజం. ఆ ఘనతను కణాలకు కట్టబెట్టడం పొరపాటు. పంపు ఖర్చుచేసే శక్తిని సమానంగా ఉంచి పోల్చినప్పుడే అసలు లాభం తేలుతుంది.

ప్రయోగశాలలో ఇద్దరు విద్యార్థులకు వేర్వేరు విలువలు వస్తే ఉపాధ్యాయుడు మొదట అడిగేది, "ఎట్లా కొలిచారు?" అని. నానో ద్రవాల విషయంలోనూ మొదట అడుగవలసిన ప్రశ్న అదే.