తుమ్మపూడి రంగులు, అమరావతి ఖాళీ పీఠం

సంజీవదేవ్ (1914–1999) ఏ చిత్రకళాశాలలోనూ చదవలేదు. గుంటూరు జిల్లా తుమ్మపూడి నుంచి యౌవనంలోనే హిమాలయాలకు వెళ్ళారు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ సాంగత్యం దొరికింది. తిరిగొచ్చి, సొంత ఊళ్ళోనే ఉంటూ రాశారు, బొమ్మలు వేశారు. కళాశాల మెట్లెక్కలేని మన పిల్లలకు ఈ బతుకు గొప్ప ధైర్యం.

ఆ కొండల్లో, ఆకాశాల్లో రోరిక్ ప్రభావం ఉంది. అయితే రోరిక్ కొండలమీద మునులు, పురాణగాథలు కనిపిస్తాయి. సంజీవదేవ్ కథను వదిలి రంగును పట్టుకున్నారు. ఆకారం కరిగి, అమూర్తం గడపదాకా వెళ్ళారు. ఆ నిశ్శబ్దం ధ్యానంలా ఉంటుంది.

అయినా ఒక వెలితి. ఆ గుంటూరు సీమలోనే అమరావతి తొలి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ పీఠం, పాదముద్రలు, ధర్మచక్రం చెక్కారు. అదీ అమూర్తమే. కానీ ఆ ఖాళీ చుట్టూ చేతులు జోడించిన ఆడా మగా కిక్కిరిసి ఉంటారు. సంజీవదేవ్ ప్రకృతి చిత్రాల్లో మనుషులు అరుదు. ధమ్మం మనిషికీ మనిషికీ మధ్య ఉండేదన్న బాబాసాహెబ్ అంబేడ్కర్ బాటలో నడిచేవాళ్ళకు ఇది చిన్న తేడా కాదు.

రంగును ఎలా చూడాలో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. ఆ రంగుల్లోకి మనవాళ్ళను తెచ్చే పని మన చిత్రకారులది.