తేరుకునే నీరు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ విశాఖ చేరినవాళ్లకు మల్కాపురం రిఫైనరీ మంట చిరపరిచయం. 1957లో కాల్టెక్స్ ప్రారంభించగా, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిన కర్మాగారం అది. రాత్రిపూట ఎవరి చూపైనా ఆ మంట మీదే నిలుస్తుంది. నా మనసు మాత్రం రిఫైనరీల మురికినీటి మీదికి పోతుంది.

ముడిచమురులోని ఉప్పును కడిగిన నీరు, కుళ్లిన గుడ్ల వాసన మోసే నీరు, ట్యాంకుల అడుగున నిలిచిన నీరు: అన్నీ చివరికి ఈటీపీకి, అంటే మురికినీటి శుద్ధి కేంద్రానికి చేరతాయి. అక్కడ మొదటిది నీటి నుంచి చమురును వేరుచేసే ఏపీఐ సెపరేటర్. పొడవాటి కాంక్రీటు తొట్టి, అంతే. అందులో నీటిని ఏమీ చేయరు, దాని నడకను నెమ్మదింపజేస్తారు. చమురు బిందువు తనంతట తానే పైకి తేలుతుంది. బిందువు వ్యాసం సగమైతే తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఆ తొట్టి కొలతలు మిల్లీమీటరులో ఏడో వంతు ఉండే బిందువు నిదానాన్ని లెక్కగట్టి వేసినవి. అంత చిన్నదాని కోసం అంత పెద్ద కట్టడం! ఆ ఔచిత్యానికి నేను ముగ్ధుణ్ణవుతాను.

అక్కడా తేలని సన్నని చమురును మందు వేసి ఉండకట్టిస్తారు. గెడ్డ నీళ్ల బురదను చిల్లగింజ గంధం కుండ అడుక్కి దింపినట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ గాలి బుడగలు ఆ ఉండలను పైకి ఎత్తుకుపోతాయి. పీడనంతో గాలిని కరిగించిన నీటిపై ఆ పీడనం వదలగానే నీరంతా పాలలా తెల్లబడే ఆ క్షణం కనులపండుగ.

అసలు అద్భుతం ఆ తరువాత, నీటిలోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో ఉంది. నీటిలో మిగిలిన ఫీనాల్ సామాన్యమైన విషం కాదు. 1865లో శస్త్రవైద్యుడు లిస్టర్ గాయాల్లోని క్రిములను చంపడానికి వాడింది దాన్నే. ఇక్కడి క్రిములు దాన్నే తింటాయి! ఆరు కార్బన్ల ఆ వలయాన్ని ఆక్సిజన్ సాయంతో తెంచి, ముక్కలు చేసి, తమ ఒంట్లో కలుపుకుంటాయి. వాటి తిండి ఒక్కసారిగా ఎక్కువైనా చచ్చిపోతాయి. నీటిలోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే క్రిములైతే మరీ సుకుమారం, దెబ్బతింటే కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఆపరేటర్ లీటరు గాజు గొట్టంలో ఆ గోధుమరంగు నీటిని పట్టి 30 నిమిషాలు ఆగుతాడు. మడ్డి ఒక్క ముద్దగా దిగి, పైన తేట నిలిస్తే క్రిములు కులాసాగా ఉన్నట్టు. ఆ పరీక్షలో చూపుకున్న విలువ నాకెంతో నచ్చుతుంది.

2008 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం రిఫైనరీలు వదిలే లీటరు నీటిలో చమురు 5 మిల్లీగ్రాములు, ఫీనాల్ 0.35 మిల్లీగ్రాములు దాటకూడదు. మంచినీళ్లు కలిపి పలుచన చేసి ఆ అంకెలకు తేవడాన్ని నేను శుద్ధి అనను. అది ఈ కళకు ద్రోహం. నైరుతి గాలుల కాలంలో విశాఖ తీరపు అలలు ఇసుకను ఉత్తరానికే, చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు దిక్కుకే నడిపిస్తాయి. సముద్రంలో కలిసిన విషమూ అటే పోవచ్చు. అక్కడ వల వేసే బెస్తలకు కావలసింది పలుచబడిన విషం కాదు, తేరిన నీరు.