రైట్‌సన్ రాక్షసుడి నోరు

బెర్నీ రైట్‌సన్ హారర్ కామిక్స్ చూస్తే నాకు భయం కన్నా జాలే ఎక్కువ. 1971లో లెన్ వీన్ రాసిన కథకి గీసిన 'స్వాంప్ థింగ్'నే తీసుకోండి. చచ్చి, బురదలోంచి లేచొచ్చినవాడు భార్యకి తనెవరో చెప్పుకోలేడు. నోరు పెగలదు.

తర్వాత మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' పట్టుకున్నాడు. ఎవరూ డబ్బివ్వకుండానే, దాదాపు ఏడేళ్లపాటు, తీరిక దొరికినప్పుడల్లా వేసిన ఇంకు బొమ్మలవి. 1983లో పుస్తకంగా వచ్చాయి. ప్రయోగశాల బొమ్మలో ఎన్ని గాజుసీసాలో! ప్రతిదాని మీదా వెలుగు విడివిడిగా పడుతుంది. (కొన్నిచోట్ల గీతలు మరీ కిక్కిరిసి ఊపిరాడదు, నిజమే.) నవలలో ఆ జీవి గొప్పగా మాట్లాడతాడు. 1931 నాటి సినిమా అతన్ని మూగవాణ్ణి చేసింది. రైట్‌సన్ సినిమా ముఖాన్ని పక్కనపెట్టి, పీనుగులాంటి ముఖం గీసి, అందులో ఏదో చెప్పబోతున్నవాడి కళ్లు పెట్టాడు.