గడ్డి మీద పండే కూర

వరి కోతలు కాగానే చాలా ఊళ్లలో పొలాల మీద పొగ లేస్తుంది. కోత మిషన్ చల్లిపోయిన గడ్డిని పోగుచేయడానికి కూలి దండగని, మేపడానికి పశువూ లేదని రైతు నిప్పు పెడతాడు. ఆ గడ్డి మీద పుట్టగొడుగులు పెంచితే పొగ ఆగుతుందన్న మాట తరచూ వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. ఎకరా వరిలో గడ్డి టన్నుల్లో వస్తుంది. పుట్టగొడుగుల కోసం గడ్డి నింపిన వంద సంచులు వేలాడదీసిన గదికి ఒక విడతలో పట్టేది ఒకటి రెండు క్వింటాళ్లే. ఈ సాగు విలువ ఎంత గడ్డి తగ్గిందన్నదానిలో లేదు, సెంటు భూమి లేని ఇంటికి కూడా పంట ఇవ్వడంలో ఉంది. గడ్డిలోని లిగ్నిన్ మనకు అరగదు, పశువుకూ అరగదు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు దాన్ని విడగొట్టుకుని బతుకుతుంది. కిలో ఎండుగడ్డికి అరకిలో నుంచి కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు వస్తాయి. అందులో పదింట తొమ్మిది వంతులు నీరే కదా అంటారు. నిజమే, కూరగాయలు చాలావాటిలోనూ అంతే. మిగిలిన ఎండు భాగంలో మాత్రం దాదాపు ఐదో వంతు మాంసకృత్తులు.

పశువుల నోటి దగ్గర గడ్డి లాక్కోవడం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. మేత కరువున్న చోట ఈ పని వద్దు. కాల్చేస్తున్న చోట ఆ అభ్యంతరం నిలవదు. పైగా పంట తీసేశాక మిగిలిన గడ్డి వానపాముల ఎరువుకు పనికొస్తుంది. మన ఎండలకు ఇది నిలుస్తుందా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. ముత్యపు చిప్పకు 20 నుంచి 30 డిగ్రీల వేడి చాలు కాబట్టి అది చలికాలపు పంట. వేసవిలో 35 డిగ్రీల దాకా ఓర్చుకునే పాల పుట్టగొడుగు వేసుకోవాలి. అసలు నష్టం తెచ్చేది అపరిశుభ్రత. రెండంగుళాల ముక్కలుగా కోసి నానబెట్టిన గడ్డిని 80 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచాలి. పిడికిట్లో పిండితే చుక్క రాలకుండా, అరచేయి తడిసేంత వరకే ఆరనివ్వాలి. ఇందులో ఏది తప్పినా పుట్టగొడుగుల తెల్లటి పోగులకు బదులు పచ్చ బూజు కమ్ముతుంది. ఎంత శుభ్రంగా చేసినా, జొన్న గింజల మీద పెంచిన విత్తనం పాతదైతే శ్రమంతా వృథా. అందుకే ఈ సాగు శిక్షణ తరగతులకు పెట్టే ఖర్చులో కొంతైనా తాజా విత్తనం మండలానికి చేర్చడానికి పెట్టాలి. ఆడవాళ్ల పొదుపు సంఘాలు మొదట అడగవలసింది కూడా అదే.